మూడు వేళ్ల గుర్రాన్ని చూసొచ్చినం

సల్మా బేటీ,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. పొద్దుగాల దేవరకొండల నీ కబర్ కాడ ఫాతిహా చదివి, అటే బస్సెక్కి నేనూ మీ అమ్మీ పట్నం మ్యూజియంకు పోయినం. కాలేజీల పాతకాలపు ఎముకల చదువు చదివేటప్పుడు, "అబ్బా, నిన్ను తోలుకపోయి మూడు వేళ్ల గుర్రాన్ని చూపిస్త" అంటుంటివి గదా.

చూసిన బేటీ. జట్కా తోలినోన్ని, ముందుగాల కాళ్లే చూసిన. నడిమి వేలు పెద్దగుంది. పక్కల రెండు చిన్నయి, నేలకు ఆనకుండ ఉన్నయి. లక్షల లక్షల ఏండ్ల కింద అది తిరిగిన జాగల చెట్లు, నీళ్లు, మెత్తటి నేల ఉండెనట. వానలు తగ్గి అడవంత గడ్డి మైదానమైందట. ఆఖరికి గా జాతే లేకుంట పోయిందని అక్కడి సారు చెప్పిండు.

పక్కన అద్దాల పెట్టెల చిన్న దవడ ఉంది. "గిదేంది సారూ?" అని మీ అమ్మీ అడిగింది.

"దాని పిల్లదమ్మా. పాలపండ్లు ఇంక ఊడనే లేదు, చూడు."

మీ అమ్మీ అద్దం మీద చెయ్యి పెట్టింది. ముట్టొద్దని సారు అనలేదు. మ్యూజియం మూసేదాక ఇద్దరం ఆడనే నిలబడ్డం.

మీ అబ్బా