జెన్నీని దిగబెట్టి వచ్చాను

జూన్ 9, 2024. ఆదివారం

చర్చికి బయలుదేరుతుంటే జెన్నీ వచ్చింది. చేతిలో ట్రాలీ బ్యాగ్. నా కూతురికి పెళ్లయి ఐదు నెలలు. ఇక చేవెళ్లలో అత్తగారింటికి పోనంది.

అల్లుడు ప్రేమ్‌చంద్ కొట్టడు. తాగడు. మాట్లాడడు. ఏప్రిల్‌లో ఏదో ఫంక్షన్‌లో అందరి ముందు అతని మాటకు ఎదురు చెప్పిందట. ఆనాటి నుంచి అతను నోరు తెరవలేదు. ఏం కావాలన్నా పక్క గదిలోంచి వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడట.

చర్చికి వెళ్లలేదు.

జూన్ 10

ఉండనీయమంటోంది అమ్మ. నాన్న సురంగల్‌లో ఇంకో ఆమెతో కాపురం పెట్టినప్పుడు అమ్మకు ఇరవై ఆరేళ్లు. నా మొగుడు వరప్రసాద్ దెబ్బలు పడలేక, ఏడాది పిల్ల జెన్నీని ఎత్తుకొని నేను వచ్చేసినప్పుడు నాకు ఇరవై నాలుగు. ఆమెను వదిలేశారు, నేను వదిలేశాను. మా ఊరు చిన్న మంగళారంలో రెండూ ఒకటే. అమ్మ పేరెత్తి, శాంతమ్మ ఇంట్లో ఆడవాళ్లకు కాపురం నిలవదంటారు. ఆ మాట మీదే జెన్నీకి రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది ప్రేమ్‌చంద్.

దిగబెట్టి వస్తానన్నాను.

"నువ్వు వచ్చేసినవ్ గద మమ్మీ. నన్నెందుకు పొమ్మంటున్నవ్?"

"వచ్చేసిన గాబట్టే."

జెన్నీ బ్యాగ్ తెరవనే లేదు.

జూన్ 13, సాయంత్రం 5 గంటలు

దిగబెట్టి వచ్చాను. నేను వంట చేసే అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో ఇవాళ లీవ్ పెట్టాను.

వియ్యపురాలు మంచిగానే పలకరించింది. ప్రేమ్‌చంద్ కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. జెన్నీ గోడ పక్కన నిలబడింది. ఇద్దరి మధ్య రెండు గజాల దూరం కూడా లేదు. జెన్నీ ఫోన్ మోగింది. తెరిచి నా ముందు పెట్టింది.

"మీ మమ్మీకి అన్నం పెట్టు."

చదివాను. అన్నం తిన్నాను. బస్సెక్కాను.

జూన్ 14

జెన్నీకి మూడుసార్లు చేశాను. ఫోన్ ఎత్తలేదు.

జూన్ 23, ఆదివారం

జెన్నీ ఎక్కడుందని చర్చిలో శకుంతలమ్మ అడిగింది. అత్తగారింట్లోనే అన్నాను. గట్టిగా, వెనక వరుస వాళ్లకు కూడా వినబడేలా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

జూలై 6

వియ్యపురాలు ఫోన్ చేసింది. జెన్నీ ఇల్లు విడిచి వారమైందట. మా ఇంట్లోనే ఉందనుకున్నారట.  చెరువులు, బావులు అన్నీ తలపుకొచ్చాయి.

అప్పుడు అమ్మ చెప్పింది. మొయినాబాద్‌లో బట్టల షాపులో పనికి కుదిరిందట, దగ్గర్లోనే రూమ్ తీసుకుందట. అమ్మతో రోజూ మాట్లాడుతోందట.

"నీకు చెప్పొద్దన్నది" అంది, నా ముఖం చూడకుండా.

జూలై 8

షాపుకు వెళ్లాను. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. వచ్చిన వాళ్లందరికీ అలాగే ఇస్తోంది. ఎవరేమనుకున్నా సరే, ఇంటికి రమ్మన్నాను.

"నేను బ్యాగ్ పట్టుకొని గేటు కాడ నిలబడ్డప్పుడు నువ్వు నా మొఖం చూడలే మమ్మీ. రోడ్డు మీద ఎవరన్న చూసిన్రా అని చూసినవ్."

కాదనబోయాను. నిజమే. ఈ డైరీలో కూడా ఆ సంగతి రాసుకోలేదు.

కోపం లేదట. నా ఇంటికి మాత్రం రాదట. నా ఇల్లు అంది, మన ఇల్లు అనలేదు.

ఎవరో చీరలు చూడ్డానికి వచ్చారు. ఊరికే కూర్చోలేక రెండు చీరలు మడతపెట్టాను. జెన్నీ వాటిని విప్పి, మళ్లీ తన పద్ధతిలో మడిచింది.

జూలై 21

మళ్లీ వెళ్లాను. నేనెవరని ఓనర్ అడిగాడు. తెలిసిన ఆమె అని చెప్పింది జెన్నీ.

జూలై 28

అమ్మ జెన్నీ దగ్గర ఉండడానికి వెళ్లిపోయింది. అది ఒక్కతే ఉన్నదట. ఆటో దాకా సంచి నేనే మోశాను.