గూడూరు ప్లేట్లు

ఏప్రిల్ 2

ఇంటి డాబా మీద మొదటి ర్యాక్ పెట్టాను. జనగామ ఎండ ఎవరికీ మొహమాటపడదు కాబట్టి టెస్టుకు ఇంతకంటే మంచి చోటు లేదు. ర్యాక్ అంటే ఇనుప చట్రం, అందులో అగ్గిపెట్టెంత గాజు ప్లేట్లు ఎనిమిది. ప్లేటు లోపల నల్లటి పెరోవ్‌స్కైట్ పొర వెలుగును పట్టి కరెంట్ పుట్టిస్తుంది. ఆ కరెంట్‌ను బయటికి మోసుకొచ్చే సన్నటి పొర నా పాలిమర్. పేరు పీ-17. ఐదేళ్లలో నేను తయారుచేసిన పదిహేడోది. మిగతా పదహారింటి సంగతి ఇక్కడ రాయను.

మా అబ్బా తన మోటార్ల వైండింగ్ షాపు నుంచి భోజనానికి వచ్చి, పైకెక్కి చూశాడు. గింత చిన్న వాటితోని ఏం తిరుగుతది, ఫ్యానన్న తిరుగుతదా అని అడిగాడు. ఫ్యాన్ కాదు, నా పీహెచ్‌డీ తిరగాలి అన్నాను.

ఫెలోషిప్ మార్చితో అయిపోయింది. జూన్ 16న కమిటీ ముందు ప్రీ-సబ్మిషన్ సెమినార్. అప్పటికి ఆరుబయట నలభై రోజులు నిలబడిన ప్లేట్లు చూపించాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. గైడ్ గారు ఈ మాట చాలా మెల్లగా చెప్పారు. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

ఏప్రిల్ 4

భూపాలపల్లి. రెండో ర్యాక్ గని క్వార్టర్ల మీద. కుమారన్న చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండేవాడు, ఇప్పుడు బొగ్గు గనిలో ఉద్యోగం. బొగ్గు తవ్వేటోని ఇంటి మీద సూర్యుని కరెంటా, నా నౌకరికే ఎసరు పెడుతున్నవ్ గద చెల్లె అని నవ్వాడు. ముట్టుకోకు అని మాత్రం చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 9

గూడూరు దగ్గర, అడవి అంచున తండా. మూడో ర్యాక్. హాస్టల్లో నా రూమ్మేట్ రక్షిత వాళ్ళమ్మ జమ్లీ ఇల్లు. రక్షిత పిలిచినట్టే నేనూ యాడీ అంటాను. డాబా నిండా మిర్చి ఎండుతోంది, చేత్తో పక్కకు జరిపి చోటిచ్చింది.

ఏంది బిడ్డా గివి అని అడిగింది. పాలిమర్ అని చెప్పలేక, నా ఐదేళ్లు వీటిలో ఉన్నాయి యాడీ, ఇవి పోతే నేను పోయినట్టే, పైలంగా చూడు అన్నాను. అబ్బాతో గానీ కుమారన్నతో గానీ ఇలా అనలేదు. అంటే నవ్వుతారు. ఆమె నవ్వలేదు. పైలంగనే చూస్త తియ్ అన్నది.

ఏప్రిల్ 20

జనగామ: ప్లేట్లు వెలుగును కరెంట్‌గా మార్చే శాతం 19.1 నుంచి 16.8కి పడింది. పద్దెనిమిది రోజులే.

ఏప్రిల్ 23

గూడూరు: 19.0. మీటర్ మీద నమ్మకం లేక మూడుసార్లు కొలిచాను. 19.0.

ఏప్రిల్ 27

జనగామ ప్లేట్ల అంచులు పసుపుపచ్చగా తిరిగాయి. పెరోవ్‌స్కైట్ చచ్చిపోతే నలుపు పోయి పసుపు వస్తుంది. అబ్బా చూసి, వీటికి కామెర్లయినయా బేటా అన్నాడు. నవ్వించడానికే అన్నాడు, తెలుసు. అయినా గట్టిగా అరిచాను. 

మే 2

భూపాలపల్లి. ఎనిమిదికి ఎనిమిది పోయాయి. కుమారన్న తను తప్పు చేసినట్టు నిలబడ్డాడు. నువ్వు ముట్టొద్దన్నవని దుమ్ము గూడ తుడువలే చెల్లె అన్నాడు.

మే 7

గూడూరు: 18.6. బతికే ఉన్నాయి. మహబూబాబాద్ బస్సులో వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. కండక్టర్ టికెట్ ఇచ్చి చిల్లర నా ఒళ్ళో పెట్టి వెళ్లిపోయాడు.

మే 9

గైడ్ గారికి గ్రాఫ్ చూపించాను. ఐదేళ్లలో మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అడవి అంచు గాలిలోని తేమ వల్ల పాలిమర్ తనంతట తాను రిపేర్ చేసుకుంటోందేమో, ఇది చాలా పెద్ద విషయం అన్నారు. సెమినార్ టైటిల్ మార్చమన్నారు. జనగామ, భూపాలపల్లి ప్లేట్లకు అంచులు మూసే సీలింగ్‌లో లోపం అని రాయమన్నారు.

సీలింగ్ ఒకే రోజు, ఒకే జిగురు గన్‌తో, నేనే చేశాను. అది ఆయనకు చెప్పలేదు. ఆ మాట నాకూ నచ్చింది. రేపు తప్పంతా ఆయన మీదికి తోసేయకుండా ఉండాలని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మే 21

గూడూరు. నలభై రెండో రోజు. 18.2.

యాడి జొన్నరొట్టె, మిర్చి తొక్కు పెట్టింది. మూడు రొట్టెలు తిన్నాను. ర్యాక్ కింద అంటించిన, గంటగంటకూ వేడి రాసుకునే టెంపరేచర్ లాగర్ పీకి సంచీలో వేసుకున్నాను. చొక్కా గుండీ అంతే ఉంటుంది, ల్యాబ్‌లో పెడితేనే చదవగలం. మిగతా రెండు లాగర్లు ముందే తెచ్చాను.

మే 23, ఉదయం 11:00

మూడూ చదివాను. ఎక్కువలో ఎక్కువ జనగామ 67 డిగ్రీలు. భూపాలపల్లి 69. గూడూరు ఒక్క రోజు కూడా 44 దాటలేదు.

11:20

గూడూరు గీత పొద్దున ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా పదింటికి కిందికి పడుతోంది. నాలుగింటికి మళ్ళీ లేస్తోంది. రోజూ అంతే. అడవి గాలి టైం చూసుకుని వీస్తుందా?

11:40

నేను గూడూరు వెళ్లేది బుధవారాల్లోనే, తొలి బస్సుకు దిగి, తొమ్మిదిన్నరకే తిరిగి ఎక్కేస్తాను. పదింటికి అక్కడ ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు.

మే 24, మధ్యాహ్నం 2:10

గూడూరు. చెప్పకుండా వచ్చాను. చెప్పులు కాలుతున్నాయి. మెట్లెక్కి చూస్తే ర్యాక్ కనపడలేదు. మిర్చి నారుకు కప్పే పచ్చ నెట్, రెండు మడతలు, నాలుగు మూలలా రాళ్లు. నెట్ మీద తడి గోనెసంచి. కింద నా ప్లేట్లు చల్లగా, నల్లగా, హాయిగా ఉన్నాయి.

యాడి నీళ్ల బిందెతో పైకి వచ్చింది. నన్ను చూసి సంబరపడింది. నారు పోసినంక పగటీలి ఎండకు గిట్లనే కప్పుతం బిడ్డా, లేకుంటే పానం పోతది అన్నది. పదింటికి కప్పుతుందట, నాలుగింటికి తీస్తుందట. పొద్దున ఎండ, సాయంత్రం ఎండ తగలాలె గద అని నాకే వివరించింది. ఈ నెలన్నర పగటిపూట ఊరు దాటలేదట. మరిది కొడుకు పెళ్లికి కూడా పోలేదట. నువ్వు పైలం అంటివి గద అన్నది.

ఎండకు పెట్టిందే ఎండలో చస్తాయో బతుకుతాయో చూడటానికి అని నేను చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఇవాళా చెప్పలేదు. మంచిగ చేసినవ్ యాడీ, గట్లనే కప్పు అన్నాను. నా నోటితోనే అన్నాను.

మే 30

స్లైడ్లు అయిపోయాయి. గూడూరు గ్రాఫ్ చూడముచ్చటగా ఉంది. లాగర్ ఫైలును వేరే ఫోల్డర్‌లో పెట్టాను. దానికి పేరు పెట్టలేదు.

జూన్ 1

అన్నం సయించడం లేదు. నాకు ముప్పై ఒకటి. ఈ డిగ్రీ పోతే నేను ఏమిటో నాకు తెలియదు. ఎవరినీ అడగలేను కూడా.

జూన్ 4

షాపులో అబ్బా కాలిపోయిన మోటార్ విప్పుతున్నాడు. వైరు మంచిదే బేటా, గర్మీకి పైన వార్నిష్ మెత్తబడ్డది, అందుకే షార్ట్ అయింది అన్నాడు. వింటూ నిలబడిపోయాను.

జూన్ 5

ల్యాబ్. పీ-17ను హాట్ ప్లేట్ మీద పెట్టాను. 58 డిగ్రీలకు మెత్తబడింది. మెత్తబడితే, కరెంట్ బాగా పారాలని అందులో కలిపిన ఉప్పు పెరోవ్‌స్కైట్‌లోకి దిగుతుంది, నలుపు పసుపు అవుతుంది. జనగామ 67, భూపాలపల్లి 69, గూడూరు 44. అంతా అక్కడే ఉంది. తేమ లేదు, రిపేరూ లేదు.

పాలిమర్ అణువుకు పక్కన వేలాడే గొలుసులు పొడుగ్గా పెట్టింది నేనే. పొడుగైతే ద్రావకంలో తేలిగ్గా కరుగుతుంది, గాజు మీద సాఫీగా పరుచుకుంటుంది. పొట్టి గొలుసుల పీ-16 సరిగ్గా కరగక నన్ను నాలుగు నెలలు ఏడిపించింది. విసుగొచ్చి వదిలేశాను. సీసా ఇంకా డ్రాయర్‌లో ఉంది. హాట్ ప్లేట్ మీద దాన్ని 110 దాకా పెంచాను. కదల్లేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

జూన్ 11

వానలు వచ్చేట్టున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ బుధవారం, గూడూరు వెళ్లలేదు. యాడి ముఖం చూస్తే చెప్పాలో దాచాలో తేల్చుకోవలసి వస్తుంది.

జూన్ 16, ఉదయం 8:00

రెండు సెట్ల స్లైడ్లు ఉన్నాయి, మొదటి దాంట్లో అడవి గాలి, రెండో దాంట్లో లాగర్. ఏది తెరుస్తానో నాకే తెలియదు.

మధ్యాహ్నం 1:30

మొదటి సెట్టే తెరిచాను. గూడూరు గ్రాఫ్ దాకా వచ్చాను. గైడ్ గారు తల ఊపుతున్నారు. కమిటీలో పెద్దాయన, ఈ ఒక్క చోటే ఎందుకమ్మా అని అడిగారు. అడవి గాలి అనాలి. రెండు వారాలుగా బట్టీ పట్టింది అదే.

జమ్లీ కప్పింది సార్ అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. నెట్, గోనెసంచి, లాగర్, హాట్ ప్లేట్, డ్రాయర్‌లోని సీసా. దాచానని కూడా చెప్పాను. మరీ మెల్లగా చెప్పినట్టున్నాను, ఎవరికీ సరిగ్గా వినపడలేదు. పెద్దాయన మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆరు నెలలు ఇచ్చారు. ఫెలోషిప్ లేదు. పీ-16తో మొత్తం మళ్ళీ చేయాలి, మళ్ళీ ఇలా జరిగితే మాట్లాడే పని లేదన్నారు. గైడ్ గారు నా వైపు చూడకుండా ఫైలు తీసుకుని వెళ్లిపోయారు. ఆయన వెనకే పరిగెత్తాలనిపించింది. లాప్‌టాప్ మూశాను.

జూన్ 18, మధ్యాహ్నం 12:30

గూడూరు. మబ్బు లేదు. నెట్ నేనే తీశాను, ఎందుకు తీశానో యాడికి అంతా చెప్పాను. మరి సచ్చిపోతయి గద బిడ్డా అన్నది. పోవాలి యాడీ, ఎట్ల పోతాయో చూడాలి అన్నాను. ర్యాక్ పక్కనే ఎండలో కూర్చున్నాను.

యాడి నెట్ దులిపి, రెండు మడతలు వేసి, నా తల మీద కప్పింది.