మబ్బు పట్టినా కరెంటు వచ్చిన సంగతి

సహాయ ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పొలం మోటార్లకు కరెంటు వదిలే ముందు మా ఊరికి కబురు చెప్పించుట గురించి.

చిలకలూరిపేట దాపున మిరప సాగు చేసుకునే షేక్ ఇమాం హుస్సేన్ అను నేను తమకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. పూర్వం మా పొలాలకు కరెంటు వేళ ప్రకారం వచ్చేది. సోలారు కరెంటు పెరిగాక ఆ వేళలు పోయినవి. ఆ విషయమై తమరే మా ఊరు వేంచేసి, పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి సెలవిచ్చారు. ఎండ బాగా కాస్తే కరెంటు మిగిలిపోతుందని, దాచుకునే చోటు చాలదు గనుక అప్పుడు మా మోటార్లకు వదులుతారని, తగ్గితే ఆపుతారని చెప్పారు. చివర్న అందరికీ అర్థమయ్యేట్టు, "ఎండ ఉంటే కరెంటు ఉంటుంది, అంతే" అన్నారు.

2. ఆ మాట నా భార్య జైతున్‌బీకి ఎంతో నచ్చింది. ఇక గడియారంతో పని లేదు, తలెత్తి చూస్తే చాలని ఊరంతా చెప్పింది. ఆనాటి నుంచి మా ఊళ్లో మోటారు మరమ్మతులన్నీ మబ్బు పట్టినప్పుడే పెట్టుకుంటున్నాము. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా అందరూ ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. మాకూ ఉంది.

3. మొన్నామధ్య తుఫాను మబ్బు కమ్మిన రోజున, ఎలుకలు కొరికిన మోటారు తీగను జైతున్‌బీ ముడివేసి టేపు చుడుతుండగా కరెంటు వచ్చింది. మా ఊళ్లో మబ్బే. అనంతపురం వైపు ఎండ విరగకాసిందట, అక్కడ మిగిలినది ఇక్కడికి వదిలారట. లైన్‌మన్ ఏసుబాబు తర్వాత ఈ మాట చెప్పి ఏడ్చాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

4. నేనప్పుడు చేను ఆ చివర నీళ్లు పారే బోదె సరిచేస్తున్నాను. మోటారు చప్పుడు విని సంతోషించాను. "జైతూ, నీళ్లొచ్చినై" అని కేకేశాను. ఆమె వేసిన ముడి గట్టిదే. నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. మిరపకు ఆ తడి బాగా అందింది, కాయ కూడా బాగా దిగింది. ఆ చేలో అడుగు పెట్టడం నా వల్ల కావడం లేదండీ.

5. తమ ఆఫీసు విచారణ నివేదికలో "మెయిన్ ఆపకుండా పనిచేయుట మృతురాలి నిర్లక్ష్యం" అని వ్రాశారు. మబ్బుండగా మెయిన్ ఎవరు ఆపుతారండీ? ఆవిడ నిర్లక్ష్యపు మనిషి కాదు. తమరి మాట తు.చ. తప్పకుండా నమ్మిన మనిషి.

6. ఆటో స్టార్టరు నేను పీకేశాను. చేను ఎండనివ్వలేమని మా అబ్బాయి మళ్లీ బిగించాడు.

ఈ అర్జీ పరిహారం కోసం కాదు. కరెంటు వదిలే ముందు మా మసీదు మైకుకు, గుడి మైకుకు ఫోను చేయించవలెను. అంతకన్నా ముందు తమరు మరొక్కసారి దయచేసి, అదే అరుగు మీద నిలబడి, ఇక్కడి మబ్బుకూ కరెంటుకూ సంబంధం లేదని తమరి నోటితో చెప్పవలెను. నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు. ఆఫీసరు గారు అబద్ధం చెబుతారా, దిగులుతో నీకు మతి చెడింది అంటున్నారు.

ఈ మనవిని చిత్తగించి మా ఊరు కదలి రావలెనని వేడుకొను,

తమ విధేయుడు
షేక్ ఇమాం హుస్సేన్

తా.క.: ఇది రాస్తుండగానే మబ్బేసింది. మా కోడలు నసీమున్నీసా కొంగు బిగించి, "మామయ్యా, ఎండ పోయింది. మోటారు దగ్గర తీగ చూసొస్తా" అని లేచింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో ఆ పిల్లను పట్టుకుని కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఎంతసేపని పట్టుకోను? త్వరగా రండి సార్.