ముల్లంగి కాదు, కొంగ

కనజావా, జూన్ 9

గౌరవనీయులైన ఇసురుగి తమోత్సు గారికి,

వానలు పట్టుకున్నాయి. వజిమాలో మీరు క్షేమమని తలుస్తాను. నేను ఊరగాయల కొట్టు నడుపుకునే ముసలిదాన్ని. నిన్న టీవీలో మిమ్మల్ని లక్కపనిలో ఘనాపాఠీ అని చూపించారు. మీ సంతకమున్న చారు గిన్నె ఒకటి మా ఇంట్లో ఉంది. నలభై ఎనిమిదేళ్ళ కిందట నా పెళ్ళికి కొన్నది. మొన్న మా పిల్లి దొర్లిస్తే అంచు పెచ్చు లేచింది. బాగుచేసి పెడతారా? ఫోటో జతచేశాను.

ఇట్లు,
నెజు ఫుసాయే

తా.క. పిల్లికి దెబ్బేమీ తగల్లేదు.


వజిమా, జూన్ 13

నెజు ఫుసాయే గారికి,

ఫోటో చూశాక అన్నం సహించలేదు. ఇరవై మూడేళ్ళ వయసులో నేను వెలగబెట్టిన తొలి ఘనకార్యమది. పూతకు ముందు గట్టిదనం కోసం చెక్కమీద గుడ్డ అతికించాల్సింది, ఎగ్గొట్టాను. పూతకీ పూతకీ మధ్య పది రోజులు ఆరనివ్వాల్సింది, రెండు రోజుల్లో కానిచ్చాను. ఇక ఆ బంగారు కొంగ! రాయి మింగిన బాతులా ఉంది. దయచేసి పొయ్యిలో పెట్టండి. బదులుగా ఈ ఏడాది చేసిన గిన్నె పంపుతాను.

ఇట్లు,
ఇసురుగి

తా.క. మీ పిల్లికి నా మెచ్చుకోలు. మంచి అభిరుచి గలది.


కనజావా, జూన్ 17

ఇసురుగి మాస్టారికి,

ఎంత వినయమండీ మీది! ఉత్తరం కొట్టులో అందరికీ చదివి వినిపించాను. ఎదురింటి పాతసామాన్ల వర్తకుడు మాత్రం నవ్వి, "పిన్నిగారూ, కొత్తది ఇచ్చి మరీ పాతది పోగొట్టాలని చూస్తున్నాడంటే అదెంత అపురూపమో అర్థం కాలేదా?" అన్నాడు. అందుకని గిన్నెను అద్దాల బీరువాలో, మావారి ఫోటో పక్కన పెట్టి తాళం వేశాను.

ఉంటాను,
ఫుసాయే

తా.క. అది కొంగా? మేమిన్నేళ్ళూ ముల్లంగి అనుకున్నాం. ఊరగాయల కొట్టుకు కలిసొస్తుందనే మా మామగారు ఏరి కొన్నారు.


వజిమా, జూన్ 20

అమ్మా,

ముల్లంగా! ముల్లంగికి కాళ్ళుంటాయా? మీ వర్తకుడికి లక్కకీ బెల్లప్పాకానికీ తేడా తెలియదు. ఆ గిన్నె నా పేరు మోస్తూ బతికున్నంతకాలం నాకు పరువు లేదు. పంపండి. బాగుచేయాలో తగలెయ్యాలో నేను చూసుకుంటాను.

ఇసురుగి

తా.క. దానికి కన్ను కూడా ఉంది. ఎర్రచుక్క. కళ్ళజోడు పెట్టుకుని చూడండి.


కనజావా, జూన్ 24

ఇసురుగి గారికి,

చూశాను. ఆ కాళ్ళను వేళ్ళనుకున్నాం, కన్నును పురుగు తొలిచిన చిల్లనుకున్నాం.

ఇక మీ వెటకారం చాలించండి. ఇన్నేళ్ళుగా పొగలు కక్కే మిసో చారు పోశాను. మావారు పోయే ముందురోజు తాగిన చారూ అందులోదే. ఒక్క పొర లేవలేదు. మా కోడలు మూడేళ్ళ కిందట కొన్న మీ గొప్ప గిన్నె అప్పుడే బుడగలు తేలింది. ఏది తగలెయ్యాలో మీరే చెప్పండి. గిన్నె పంపుతున్నాను. అంచు అతకండి, అంతే. బూడిద తిరిగొచ్చిందంటే నేనే వజిమా వస్తాను.

ఫుసాయే

తా.క. పిల్లిని కూడా తెస్తాను.


వజిమా, ఆగస్టు 30

ఫుసాయే గారికి,

అంచు అతికి గిన్నె పంపుతున్నాను.

తగలెయ్యాలనే తీసుకున్నాను. రెండేళ్ళలో ఊడాల్సిన పూత ఎలా నిలిచిందో తేల్చుకుందామని ముందు అడుగున గీకాను. లోపల గుడ్డ ఉంది, ముడత లేకుండా. నేను వేసింది కాదు. ఇంకాస్త గీకితే కింది పూతమీద మేకుతో రాసిన అక్షరాలు కనిపించాయి. మా గురువు నకాగుచి గారి రాత: "తమోత్సు పూసిందంతా గీకేసి మళ్ళీ చేశాను. పెళ్ళిళ్ళకు కొనుక్కెళ్ళే గిన్నె. వాడికి చెప్పొద్దు, చిన్నబుచ్చుకుంటాడు. బొమ్మ మాత్రం వాడినే వేసుకోనిస్తాను. ఏం చేస్తాం!"

నాకు కామెర్లొచ్చి రెండు నెలలు ఇంటికి వెళ్ళినప్పుడు చేసి ఉంటారు. ఆ తర్వాత నాలుగేళ్ళకే ఆయన్ని చాదస్తపు ముసలాడని తిట్టి బయటికొచ్చాను. ఆయన పోతే చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

అడుగున నా సంతకం చెరిపి ఆయన పేరు రాశాను. మీ కోడలి గిన్నె కూడా పంపించండి. అది అచ్చంగా నాదే.

ఇట్లు,
తమోత్సు

తా.క. అప్పట్లో చేసినవాటిలో ఒక్క పెట్టె మాత్రం భేషుగ్గా కుదిరిందని ఇంతకాలం దాచుకున్నాను. నిన్న దాన్నీ గీకి చూశాను. రెండే మాటలు: "ఇది కూడా."