నీళ్ళకు పోయిన దోనె

పూజ్యులైన బావగారికి,

భాను నమస్కరించి రాయునది. ఇక్కడ మామ, అత్త, నేను, రెండు మేకలు బాగానే ఉన్నాం. మీరు అక్కడ ఎంత బాగున్నారో వీడియోలో చూశాను కాబట్టి వేరే అడగడం లేదు.

"మీరు" అని రాయడం ఇంతటితో చాలు. మొగుడివి కాకముందే మేనబావవు, చిన్నప్పటి నుంచి నువ్వనే పిలిచాను. ఇప్పుడు కోపంగా ఉన్నాను. గౌరవం పెట్టి రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ అత్త కొంగున ఉంటుంది. నువ్వు చేసినప్పుడల్లా స్పీకర్ పెట్టి వాకిట్లో కూర్చుంటుంది. వాడకట్టంతా వింటుంది. అంతమందిలో నాకు నోరు పెగలదు. నీ హోటల్లోనే పనిచేసే హాతీరాం పెళ్ళికని ఊరికి వచ్చాడు కదా, తిరిగి వచ్చేటప్పుడు ఈ కాగితం అతని చేతికే ఇస్తున్నాను. ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి.

హాతీరాం చేత నువ్వు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. మామ కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. ఎడమ చేత్తో చుట్ట వెలిగించుకుంటున్నాడు, మీసం ఒకసారి కాల్చుకున్నాడు. కుడికాలు ఈడుస్తూ కట్టె పట్టుకుని వాగు దాకా నడుస్తున్నాడు. పెద్ద మేక ఈనలేదు.

ఇక దోనె. "పది రోజులు మంచి ఎండలో పెట్టు, బాగా ఆరాలి. సన్న కొసన మట్టి ముద్ద మురికిగా ఉంది, గీకేసి కడుగు. పదో తారీకున హోటల్ బండి వస్తుంది, ఎక్కించి పంపు" అని రాశావు. మామ ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇది నా కొడుకు రాసిందేనా?"

"అవ్ మామా."

"తాటి దోనె ఎండల వెడితే నెర్రెలిస్తదని పసిపోరనికి సుత ఎరికే గదనే! మొదలు బొడ్డు దిక్కు చెట్టే మూసి ఉంటది, సన్న కొస మనం మూస్తం. గా మట్టి గీకినంక దోనె ఏడిది? కుడితి తొట్టికి సుత పనికిరాదు!"

నవ్వాడు కానీ ఆ రోజు అన్నం సగం వదిలేశాడు.

ఆ సాయంత్రమే హాతీరాం తన ఫోన్‌లో వీడియో చూపించాడు. నువ్వు తెల్ల చొక్కాలో ఉన్నావు. హోటల్ సారు నీ భుజం మీద చెయ్యి వేశాడు. నీ ఫోన్‌లో దోనె ఫోటో చూపిస్తూ "ఇది నా చేతులతో చెక్కిన దోనె సార్, మా తాతల నాటి విద్య" అంటున్నావు. గేటు ముందు పెట్టి అందులో బంతిపూలు పోస్తామని ఆ సారు అన్నాడు. నిన్ను సూపర్‌వైజర్‌ని చేస్తాడని హాతీరాం చెప్పాడు. నీళ్ళమీద తిరిగేదాన్ని పూలకుండీ చెయ్యడానికి ఒప్పుకుని సూపర్‌వైజర్ అవుతావన్నమాట.

పదో తారీకున బండి వచ్చింది. డ్రైవర్ అజారుద్దీన్, కొత్తగూడెం మనిషి, మర్యాదస్తుడు. "అమ్మా, దోనె ఏడున్నది? జల్దీ ఎక్కిస్తే నేను పోత" అన్నాడు. అత్త పాక వెనక వాగొడ్డుకు పోయి ఒకటే కేక.

"అయ్యో, దోనె లేదు! ఏ దొంగ సచ్చినోడు ఎత్తుకపోయిండో!"

మామ మంచం మీద నుంచి లేవలేదు. "ఎవడెత్తుకపోలే. నీళ్ళకు పోయింది."

"దోనె నీళ్ళకు పోవుడేంది తాతా? బిందె సంకన వెట్టుకొని పోయిందా?"

"దాని బుద్ధి అయినప్పుడు వస్తది. నువ్వు చాయ్ తాగు."

అజారుద్దీన్ చాయ్ తాగి, ఖాళీ బండితో పోయాడు. అత్త నీకు ఫోన్ చేసింది. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, నేను మర్చిపోలేదు. "అది ఇంట్ల ఏం జేస్తున్నదంట? మూగది. దానికన్నా కుక్క నయం, మొరుగన్న మొరుగుతది" అన్నావు. వాకిట్లో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. అత్తే తలదించుకుంది.

సరే, ఇప్పుడు మూగది చెబుతుంది, విను.

ఆ దోనె నువ్వు చెయ్యలేదని ఊరంతటికీ తెలుసు. మామ ఎడమ చేత్తో చేశాడని ఊరు అనుకుంటోంది, నువ్వూ అనుకుంటున్నావు. మామ చెయ్యలేదు. నేను చేశాను.

రెండేళ్ళ కింద గాలివానకు గట్టు మీది తాటిచెట్టు పడింది. దానికి నెల ముందే పక్షవాతంతో మామ చెయ్యి పడింది. "చెయ్యి వడ్డది, చెట్టు వడ్డది. రెండూ గిట్ల మురిగిపోవుడేనా" అని రోజూ అక్కడికి పోయి కూర్చునేవాడు. ఒకరోజు నేను "నువ్వు చెప్పు మామా, నేను చెక్కుత" అన్నాను. ఆడది దోనె చెట్టు మీద బాడిస వేస్తే దోనె మునుగుతుందని మన దగ్గర అంటారు. అందుకని పాక వెనక చుట్టూ గోనెపట్టాలు కట్టించాడు. తను మంచం మీద కూర్చునేవాడు. ఎవరైనా వస్తే దగ్గేవాడు. నేను బాడిస పడేసి చీపురు పట్టుకునేదాన్ని. ఆ మూడు నెలలు మన ఊళ్ళో మామంత దగ్గు ఎవరికీ లేదు, నా అంత ఊడ్చినదీ ఎవరూ లేరు. పైన ఇనుములాంటి చేవ, లోపల మెత్తటి బెండు. బెండు తవ్వుతూ పోవాలి, చేవ దగ్గర ఆగాలి. ఎక్కడ ఆగాలో మామ కళ్ళు మూసుకుని, నేను కొట్టే చప్పుడు విని చెప్పేవాడు.

దసరాకు వచ్చినప్పుడు నా అరచెయ్యి పట్టుకుని "గిదేంది, చెయ్యా బండరాయా?" అని నవ్వావు. తాటి పీచు ముళ్ళు దిగిన చెయ్యి అది. అప్పుడే చెప్పాలనుకున్నాను. నువ్వు నవ్వడం ఆపలేదు, నేను చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పలేదు. అత్త లేవకముందే దోనె ఎక్కి వాగు నడుమ లంకలో బీరపాదుల దగ్గరికి పోతున్నాను. మొదట్లో పక్కకు ఒరిగితే రెండు చేతులా అంచు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఒక్క తెడ్డు వేసి వదిలేస్తాను, అదే పోతుంది. దాని బొడ్డు కింద నీళ్ళు గుటగుటమంటాయి. ఎవరూ ఉండరు కాబట్టి గట్టిగా పాడతాను. నీ మూగ భార్య పాట అవతలి ఒడ్డు దాకా వినబడుతుంది.

నీ దోనె ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. బండి వచ్చే ముందు రోజు వాగు మలుపులోని మడుగుకు తీసుకుపోయి, రాళ్ళు నింపి ముంచాను. ఎండాకాలం దోనెను నీళ్ళలోనే దాచాలని నాకు నేర్పింది మీ నాన్నే. నడిమడుగులో నిలువెత్తు నీళ్ళున్నాయి. కావాలంటే వచ్చి తీసుకో.

కానీ ముందు ఫోన్ చెయ్యి. అత్త స్పీకర్ పెడుతుంది, వాడకట్టు వింటుంది. కుక్క నయమన్న నోటితోనే ఆ దోనె ఎవరు చేశారో చెప్పు. ఆడది చెక్కిందని ఊరు నాలుగు మాటలంటుంది, అననీ. అది ఇంతవరకు ఒక్కసారే మునిగింది, అదీ నేను ముంచితే. మీ సారుకు నిజం చెబుతావో, ఉద్యోగం చూసుకుంటావో నాకు అనవసరం. పూలు పోసుకోవడానికి మాత్రం అది రాదు.

మృగశిర వాన పడ్డాక రాళ్ళు తీసి తేలుస్తాను. సన్న కొసన మట్టి కట్ట కొత్తగా వెయ్యాలి. బంకమట్టి తొక్కాలంటే రెండు కాళ్ళూ గట్టిగా ఉన్న మనిషి కావాలి, మామకు ఒక్క కాలే పనిచేస్తుంది. నువ్వు గీకెయ్యమన్న ఆ మురికి నువ్వే వచ్చి తొక్కు. గట్టిగా తొక్కు, ఎందుకంటే మొదట అందులో కూర్చునేది నువ్వే. తెడ్డు నా దగ్గర ఉంటుంది.

నీకు ఈత రాదని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇట్లు,
జంపయ్య కోడలు
భాను