జ్ఞానతండ్రి వరుస

1984 మార్చి 11, ఆదివారం

ములకలపల్లి అవతలి తండాలో జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవాళ్లకు ఉపదేశం. సైకిల్ పంక్చర్. మోకాళ్ల సంగతి రాయను. పూర్వం మా క్రైస్తవుల గుళ్లలో జ్ఞానస్నానం కాని వాళ్లను పూజ సగంలోనే బయటికి పంపేవారట, ఎక్కడో చదివిన. మావాళ్లు పంపకముందే పోతున్నరు, బీడీకి.

ఇయ్యాల్టి మాట జ్ఞానతండ్రి. స్నానమప్పుడు పక్కన నిలబడే మనిషి. ఉత్త సాక్షి కాదు, నిజంగ తండ్రే అని గట్టిగ చెప్పిన. తండాలో పాత క్రైస్తవులు లేరు గనుక అందరికీ నేనే నిలబడతనన్న.

మార్చి 18

తండా నుంచి హాతీరాం వచ్చిండు. పాస్కా పండుగకు, అదే ఈస్టర్‌కు, స్నానాలు, ఎండాకాలంలో వాళ్ల బిడ్డ ద్వాలికి తండాలోని లచ్చిరాంతోనే పెండ్లి అనుకున్నరు. పెండ్లి ఆపినమన్నడు. ఏందయ్యా అంటే, ఇద్దరికీ నువ్వే తండ్రివైతే అన్నాచెల్లెళ్లు కారా సారూ, అని నన్నే అడిగిండు.

అది పేరుకేలే అన్న. మొన్న నిజం తండ్రంటివి, ఇయ్యాల పేరుకంటివి, రేపు ఉత్త నీళ్లే అంటవా, అన్నడు.

స్నానమన్నా మానుకుంట గాని లచ్చిరాంను అన్నా అని పిలవనని ద్వాలి ఒకటే ఏడుపట.

ఏప్రిల్ 2

ఫాదర్‌ గారిని అడిగిన. ఒకరికి వేరే మనిషిని పెట్టు, సింపుల్ అన్నరు. జీపెక్కిన్రు.

ఏప్రిల్ 3

మా తమ్ముడు లేడా, అన్నది ఆదెమ్మ. నా భార్య. వినబడనట్టు పడుకున్న.

ఏప్రిల్ 10

సారపాక పోయిన. బామ్మర్ది బొజ్జయ్య మిల్లులో కాంట్రాక్ట్ పని చేస్తడు. నా పెద్దబిడ్డ పెండ్లిలో మేనమామను రెండో బంతిలో కూసోబెట్టిన్రని అప్పటి నుంచి మాటల్లేవు. టీ తెప్పించి ముందు తను తాగిండు. తర్వాత నాకు. అంతా విన్నడు. ద్వాలికి నిలబడడట. లచ్చిరాంకైతే వస్తడట. మగపెండ్లివారిదే కదా బావా మొదటి బంతి, అన్నడు.

ఏప్రిల్ 15

లచ్చిరాంకు బొజ్జయ్య, ద్వాలికి నేను అని చెప్పిన. హాతీరాం వేళ్లు మడిచి చూసుకున్నడు. నీ భార్య తమ్ముని కొడుకు, నీ బిడ్డ. మేనరికం! ఇంతకంటె మంచి వరుస ఏముంది, జల్దీ కానీ అన్నడు. మేనరికాన్ని మా గుడి ఒప్పదన్న మాట మింగి ఇంటికొచ్చిన.

ఏప్రిల్ 22, పాస్కా

అయినయ్ స్నానాలు. బొజ్జయ్య ఇస్త్రీ చొక్కా.

మే 13

పెండ్లి. మొదటి బంతిలో బొజ్జయ్య. వడ్డించేది నేను. పప్పు మళ్లీ అడిగిండు. వంగలేక వంగి వేసిన.