నున్నగా వచ్చిన తుంటి ఎముక

కుప్పం,
సోమవారం.

బెంగళూరులో ఎముకల మోడళ్ళు చేసే ల్యాబ్ మేనేజరు గారికి,

ఫోనులో మూడుసార్లు చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను. మా తమ్ముడు తిమ్మప్ప గ్రానైట్ లారీ మీంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మదనపల్లె డాక్టరు గారు వాడి సీటీ స్కాన్ పంపితే, మీరు ప్లాస్టిక్ ఎముక చేసి పంపారు. దాని మీద పెట్టి వంచుకున్న స్టీలు ప్లేటునే గురువారం ఆపరేషన్‌లో వాడికి బిగిస్తారు. స్కాన్‌లో రెండు పగుళ్ళున్నాయి. మీ మోడల్‌లో ఒకటే ఉందని డాక్టరు గారే చూపించారు.

అడిగితే మీ ఆఫీసు అమ్మాయి, "గరుకు లేకుండా కంప్యూటర్లోనే నున్నగా చేశాం సార్, ఫినిషింగ్ చూడండి" అంటుంది. ఇరవై ఏళ్ళుగా రాయికి పాలిష్ పడుతున్నవాణ్ణి, నాకా ఫినిషింగ్ గురించి చెప్పేది? పాలిష్‌కు ముందు మేం పలక మీద నీళ్ళు చల్లుతాం. పలకంతా ఆరినా పగులు మాత్రం నల్లగా, తడిగా కనిపిస్తుంది. ఆ అలవాటుకొద్దీ ఆస్పత్రిలోనే మీ మోడల్ మీదా చెంబుడు నీళ్ళు పోశాను. నర్సమ్మతో తిట్లు తిన్నాను గానీ, రెండో పగులు దొరకలేదు.

ఈసారి నున్నగా చేయకండి. ఉన్నది ఉన్నట్టు చేయండి. ఈ ఉత్తరం తెచ్చిన మా బావమరిది కొత్త మోడల్ చేతికొచ్చేదాకా మీ గుమ్మంలోనే కూర్చుంటాడు.

మంచం మీద తిమ్మప్ప మీ మోడల్‌ను తిప్పి తిప్పి చూసి నన్ను అడిగిందే మిమ్మల్నీ అడుగుతున్నాను: "నా ఎముక ఇంత బాగుంటే, నేను ఈడ యాల పండుకోనుండానన్నా?"

ఇట్లు,
తిమ్మప్ప అన్న